ఎమ్యులేటర్ ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర తప్పుతోంది? పట్టుకుని సరిచేసే పద్ధతి

వర్చువల్ మెషిన్‌లో లినక్స్ చక్కగా బూట్ అవుతుంది. లాగిన్ కూడా అవుతారు. ఏదో ఒక ప్రోగ్రామ్ మాత్రం, అసలు కంప్యూటర్ మీద ఏ ఇబ్బందీ లేకుండా నడిచేదే, ఇక్కడ సెగ్మెంటేషన్ ఫాల్ట్ ఇచ్చి పడిపోతుంది. ఒక్కోసారి పడిపోకుండా తప్పుడు జవాబు ఇస్తుంది, అది మరీ అన్యాయం. చెన్నైలో తరమణి నుంచి సిరుసేరి దాకా ఓఎంఆర్ రోడ్డు పొడవునా ఉన్న ఆఫీసుల్లో, చిప్ ఇంకా చేతికి రాకముందే, ప్రాసెసర్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే ఎమ్యులేటర్ మీద ఫర్మ్‌వేర్ రాసేవాళ్లు ఉంటారు. నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి వచ్చి అలాంటి పనిలో చేరిన మన పిల్లలకు ఈ రకం బగ్ ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడక మానదు. ఇది వారి కోసం రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా ఎక్స్86 ప్రాసెసర్ నుంచి, క్యూఎమ్యూ ఎమ్యులేటర్ నుంచి తీసుకున్నాను. మీ ఆఫీసులో సొంతంగా రాసుకున్న ఎమ్యులేటర్ అయినా పద్ధతి ఇదే. సీ భాష, కాస్త అసెంబ్లీ, జీడీబీ వాడటం తెలిస్తే చాలు.

పద్ధతి మొత్తానికి పునాది ఒక్కటే. ప్రోగ్రామ్ కూలిన చోటు దాదాపు ఎప్పుడూ తప్పు జరిగిన చోటు కాదు. తప్పు ఎక్కడో లక్షల ఇన్‌స్ట్రక్షన్ల వెనుక జరిగి ఉంటుంది. ఒక రిజిస్టర్‌లో కొన్ని బిట్లు తేడా పడతాయి, ఆ తేడా ఒక లెక్కలోకి, ఆ లెక్క ఒక పాయింటర్‌లోకి పాకి, చివరికి ఎవరో అమాయకుడి ఫంక్షన్‌లో బయటపడుతుంది. మీరు వెతకాల్సింది అసలు ప్రాసెసర్‌కూ మీ ఎమ్యులేటర్‌కూ మొట్టమొదట తేడా వచ్చిన ఇన్‌స్ట్రక్షన్‌ను. ఎమ్యులేటర్ కోడ్ చదువుతూ కూర్చుంటే అది దొరకదు. రెండింటినీ పక్కపక్కన నడిపి పోల్చితే దొరుకుతుంది.

మొదటి పని: ఇది ఎమ్యులేషన్ బగ్గేనా?

పెరుంగుడిలో మా బృందంలో చేరిన గూడూరు కుర్రవాడొకడు వచ్చి, “అన్నా, మెమ్‌కాపీలో కూలిపోతోంది, గ్లిబ్‌సీలోనే బగ్ ఉన్నట్టుంది” అన్నాడు. గ్లిబ్‌సీ అంటే లినక్స్‌లో వాడే సీ భాష లైబ్రరీ. “గ్లిబ్‌సీని లోకంలో కోట్ల యంత్రాలు నడుపుతున్నాయి తమ్ముడూ, మన ఎమ్యులేటర్‌ను మన ఆఫీసు ఒక్కటే నడుపుతోంది. ముందుగా ఎవరిని అనుమానించాలో నువ్వే చెప్పు” అన్నాను. అలాగని ప్రతి నేరమూ ఎమ్యులేటర్ నెత్తిన రుద్దడం కూడా సరికాదు. కొన్ని సంగతులు ముందే తేల్చుకోవాలి.

మీ వర్చువల్ మెషిన్ లినక్స్ కెర్నల్‌లోని కేవీఎంతో నడుస్తోందా, క్యూఎమ్యూలోని అనువాదకం టీసీజీతో నడుస్తోందా చూడండి. కేవీఎం అయితే గెస్ట్ (వర్చువల్ మెషిన్ లోపల నడిచేది) ఇన్‌స్ట్రక్షన్లలో అత్యధికం నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడుస్తాయి. డివైస్ రిజిస్టర్లు ఉన్న మెమరీని గెస్ట్ తాకినప్పుడు, మరికొన్ని ప్రత్యేక సందర్భాల్లో మాత్రమే లినక్స్ కెర్నల్‌లోని చిన్న ఎమ్యులేటర్ రంగంలోకి దిగుతుంది. టీసీజీ అయితే ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నూ సాఫ్ట్‌వేరే అనువదిస్తుంది. ఒకే మెషిన్ మీద ఒకే ఇమేజ్‌ను రెండు విధాలా నడపండి. టీసీజీలో మాత్రమే తప్పు వస్తే దారి స్పష్టం. కేవీఎంలో మాత్రమే వచ్చి, తెర మీద ‘ఇంటర్నల్ ఎర్రర్, సబ్‌ఎర్రర్ 1’ అని కనిపిస్తే కెర్నల్‌లోని ఎమ్యులేటర్‌కు ఆ ఇన్‌స్ట్రక్షన్ అర్థం కాలేదన్నమాట. ఆ సందేశంతో పాటు రిజిస్టర్ల విలువలు, కోడ్ బైట్ల వరుస కూడా అచ్చవుతాయి. కోణపు బ్రాకెట్ల మధ్య ఉన్న బైటు దగ్గర ఆ ఇన్‌స్ట్రక్షన్ మొదలవుతుంది. ఆ బైట్లను డిస్‌అసెంబ్లర్‌కు ఇస్తే నిందితుడి పేరు తెలిసిపోతుంది. ఈ వ్యాసంలోని సగం పని మీకు తప్పినట్టే.

తర్వాత చూడాల్సింది సీపీయూ మోడల్. ‘ఈ ప్రాసెసర్ ఎక్స్86-64-వీ2 స్థాయికి సరిపోదు’ అని గ్లిబ్‌సీ ఆగిపోతే అది బగ్ కాదు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 లాంటివి ఆ స్థాయి తప్పనిసరి అంటాయి. క్యూఎమ్యూలో ఏ మోడలూ చెప్పకపోతే వచ్చే పాతకాలపు మోడల్‌కు ఆ స్థాయి లేదు. మోడల్‌ను ‘మ్యాక్స్’ అని పెట్టి మళ్లీ నడపండి. ప్రాసెసర్ తన సౌకర్యాలను చెప్పుకునే సీపీయూఐడీలో ఒక సౌకర్యం ఉందని ప్రకటించి, దాన్ని అమలు చేయడం మరిచిన ఎమ్యులేటర్లూ ఉంటాయి. అది మాత్రం బగ్గే.

గెస్ట్‌కు ఒకటి కంటే ఎక్కువ ప్రాసెసర్లు ఇచ్చి ఉంటే, టీసీజీని ఒకే థ్రెడ్ మీద నడిపి చూడండి. అప్పుడు తప్పు మాయమైతే మీ సమస్య ఇన్‌స్ట్రక్షన్ అర్థంలో కాక, మెమరీ క్రమంలోనో అటామిక్ ఆపరేషన్లలోనో ఉండే అవకాశం ఎక్కువ. ఆర్మ్ హోస్ట్ (ఎమ్యులేటర్ నడిచే అసలు యంత్రం) మీద ఎక్స్86 గెస్ట్‌ను నడిపేవారికి ఇది మరీ ముఖ్యం. ఎక్స్86 తన మెమరీ రాతల క్రమాన్ని గట్టిగా పాటిస్తుంది, ఆర్మ్‌కు అంత పట్టింపు లేదు. ఆ రకం బగ్‌ల కథ వేరు, ఇక్కడ దాని జోలికి పోను.

రెండో పని: ప్రతిసారీ ఒకేలా కూలేట్టు చేయండి

ఒకసారి వచ్చి ఒకసారి రాని బగ్‌ను వెంటాడటం వృథా శ్రమ. గెస్ట్‌కు ఒకే ప్రాసెసర్ ఇవ్వండి. కెర్నల్ చిరునామాలను తారుమారు చేసే సౌకర్యాన్ని బూట్ వరుసలో ఆపేయండి. యూజర్ ప్రోగ్రామ్ అయితే సెట్‌ఆర్క్ ఆదేశంతో అదే పని చేయండి. క్యూఎమ్యూలో గడియారాన్ని ఇన్‌స్ట్రక్షన్ల లెక్కకు కట్టేసే ఐకౌంట్ ఐచ్ఛికం ఉంది, ఒక పరుగును రికార్డు చేసి మళ్లీ అచ్చంగా నడిపే సౌకర్యమూ ఉంది. డిస్క్ ఇమేజ్‌ను స్నాప్‌షాట్ నుంచి మొదలుపెట్టండి.

అన్నిటికంటే పెద్ద సాయం మరొకటి. తప్పు యూజర్ ప్రోగ్రామ్‌లోనే కనిపిస్తుంటే ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్నీ మోయకండి. క్యూఎమ్యూ యూజర్ మోడ్‌లో ఆ ఒక్క ప్రోగ్రామ్‌నే నడపవచ్చు. అక్కడా కూలితే కెర్నల్, డివైసులు, అంతరాయాలు అన్నీ అనుమానితుల జాబితా నుంచి ఒక్క దెబ్బతో పోతాయి.

మూడో పని: మొదటి తేడా

రెండు ట్రేస్‌లు, అంటే నడిచిన ఇన్‌స్ట్రక్షన్లనూ రిజిస్టర్లనూ వరుసగా రాసుకున్న లాగ్‌లు, కావాలి. ఒకటి ఎమ్యులేటర్‌ది. క్యూఎమ్యూలో మైనస్ డి ఐచ్ఛికానికి ‘ఇన్_ఏఎస్ఎం’, ‘సీపీయూ’ అని ఇస్తే గెస్ట్ ఇన్‌స్ట్రక్షన్లు, రిజిస్టర్లు లాగ్‌లోకి వస్తాయి. మామూలుగా ఇది బ్లాకుకు (ఒకేసారి అనువదించే ఇన్‌స్ట్రక్షన్ల గుంపుకు) ఒక్కసారే చూపిస్తుంది, పైగా నడిచిన బ్లాకులు ఒకదానికొకటి గొలుసుగా అతుక్కుపోతే కొన్ని లాగ్‌లో కనిపించవు. అందుకని ‘నోచెయిన్’ కూడా చేర్చి, బ్లాకుకు ఒకే ఇన్‌స్ట్రక్షన్ ఉండేలా పెట్టండి. 8.1 వెర్షన్ నుంచి ఆ ఐచ్ఛికం పేరు ‘వన్-ఇన్సన్-పర్-టీబీ’. అంతకుముందు దాన్నే ‘సింగిల్‌స్టెప్’ అనేవారు. పరుగు నత్తనడకన సాగుతుంది, ఫరవాలేదు. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఇలా పెట్టగానే బగ్ మాయమైతే అది కూడా ఒక ఆధారమే. ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ విడిగా సరిగ్గానే ఉంది, రెండు మూడు ఒకే బ్లాకులో పడినప్పుడు ఫ్లాగుల లెక్కో ఆప్టిమైజేషనో చెడుతోందని అర్థం.

రెండో ట్రేస్ అసలు ప్రాసెసర్‌ది. లినక్స్‌లో పీట్రేస్‌తో ప్రోగ్రామ్‌ను ఒక్కో అడుగు నడిపి రిజిస్టర్లు రాసుకునే చిన్న ప్రోగ్రామ్ వంద వరుసల లోపే అయిపోతుంది. దాన్ని ఒకసారి శ్రద్ధగా రాసి దాచుకోండి, ఏళ్ల తరబడి పనికొస్తుంది. అసలు చిప్ లేకపోతే మరో స్వతంత్ర ఎమ్యులేటర్‌ను సాక్షిగా తెచ్చుకోండి. ఎక్స్86కు బాక్స్, రిస్క్-ఫైవ్ అనే మరో ప్రాసెసర్ రకానికి స్పైక్ ఉన్నాయి. రిస్క్-ఫైవ్‌కు సెయిల్ భాషలో రాసిన అధికారిక నమూనా కూడా ఉంది.

రెంటినీ పోల్చగానే మొదటి వెయ్యి వరుసల్లోనే తేడా కనబడి గెంతులు వేయకండి. నిజం కాని తేడాలు ఉంటాయి. గ్లిబ్‌సీ మొదలయ్యేటప్పుడు సీపీయూఐడీ చూసి, ఆ ప్రాసెసర్‌కు తగిన మెమ్‌కాపీని ఎంచుకుంటుంది. మీ అసలు చిప్‌లో ఉన్న సౌకర్యం ఎమ్యులేటర్ మోడల్‌లో లేకపోతే రెండు పరుగులూ వేర్వేరు దారుల్లో పోతాయి. తప్పు ఎవరిదీ కాదు. అందుకే ప్రోగ్రామ్‌ను స్టాటిక్‌గా లింక్ చేసి, మోడళ్లను వీలైనంత దగ్గరగా తెచ్చి, కొలవడం మెయిన్ ఫంక్షన్ నుంచి మొదలుపెట్టండి. గడియారం చదివే ఇన్‌స్ట్రక్షన్ల ఫలితాన్ని, స్టాక్ కాపలాకు కెర్నల్ ఇచ్చే యాదృచ్ఛిక సంఖ్యను, ప్రాసెసర్ మాన్యువల్ ‘నిర్వచించలేదు’ అన్న ఫ్లాగులను పోలిక నుంచి తప్పించండి. మరో మెలిక కూడా ఉంది. మళ్లీ మళ్లీ నడపమనే రెప్‌ను ముందు తగిలించిన స్ట్రింగ్ ఇన్‌స్ట్రక్షన్‌ను అసలు చిప్ ఒక్కో అడుగు నడిపేటప్పుడు ప్రతి ఆవృత్తికీ ఆగుతుంది. మీ ఎమ్యులేటర్ మొత్తం ఒకే అడుగుగా లెక్కించవచ్చు. అడుగుల సంఖ్యతో కాక ఇన్‌స్ట్రక్షన్ చిరునామాతో జత కలపండి.

ట్రేస్ కోట్ల వరుసలైతే డిస్క్ నిండిపోతుంది. అప్పుడు పది వేల ఇన్‌స్ట్రక్షన్లకు ఒకసారి రిజిస్టర్లన్నిటి మీద ఒక హ్యాష్ రాయండి. హ్యాష్ మొదట మారిన భాగాన్ని మాత్రమే రెండో పరుగులో వరుసవరుసగా రాయండి. ఈ రెండో పరుగు చేయగలగడానికే ఇందాక బగ్‌ను ఒకేలా కూలేట్టు చేయమన్నాను.

దగ్గరి నుంచి ఒక బగ్

చెప్పింది అర్థం కావాలంటే ఒకదాన్ని విప్పి చూడాలి. ఒక ఫంక్షన్ రెండు 32 బిట్ల సంఖ్యలు తీసుకుని, వాటిలో చిన్నదాన్ని పట్టికకు సూచికగా వాడుతుంది. కంపైలర్ ఇచ్చిన కోడ్ ఇది, గమ్యం ముందు, మూలం వెనుక (సీమూవ్ అంటే షరతు నిజమైతేనే విలువను తరలించేది, ఇక్కడి షరతు ‘పోలికలో మొదటిది చిన్నదైతే’):

సీఎంపీ ఈడీఐ, ఈఎస్ఐ
సీమూవ్‌బీ ఈఎస్ఐ, ఈడీఐ
మూవ్ ఈఏఎక్స్, [పట్టిక + ఆర్ఎస్ఐ × 4]

ఈడీఐలో 9, ఈఎస్ఐలో 3 ఉన్నాయి. 9 చిన్నది కాదు కాబట్టి షరతు అబద్ధం, 3 అలాగే ఉండాలి. పట్టికలో 3వ గడి చదవాలి. ఎమ్యులేటర్‌లో మాత్రం మూడో వరుస దగ్గర సెగ్మెంటేషన్ ఫాల్ట్. చదవబోయిన చిరునామా పట్టికకు సరిగ్గా 80 గిగాబైట్ల 12 బైట్ల దూరంలో ఉంది. ఆ 12 చూడగానే సగం కథ తెలియాలి, 3 × 4 అదే కదా. మిగతా 80 గిగాబైట్లు ఎక్కడివి?

పోల్చిన ట్రేస్ చెబుతుంది. రెండో వరుసకు ముందు రెండు చోట్లా ఆర్ఎస్ఐలో హెక్స్ లెక్కన 00000005 00000003 ఉంది. పై సగంలో ఆ 5 ఎందుకు వచ్చిందంటే, పిలిచిన ఫంక్షన్ పక్కపక్కనే ఉన్న రెండు 32 బిట్ల గడులను ఒకే లోడ్‌తో తెచ్చి అలాగే పంపింది. అది తప్పు కాదు. లినక్స్ పిలుపు నియమాల ప్రకారం 32 బిట్ల ఆర్గ్యుమెంట్‌కు పై సగంలో ఏ చెత్త ఉన్నా ఫరవాలేదు. రెండో వరుస తర్వాత అసలు చిప్‌లో 00000000 00000003 ఉంది. ఎమ్యులేటర్‌లో ఇంకా 00000005 00000003 ఉంది. మొదటి తేడా దొరికింది.

ఎమ్యులేటర్‌లో ఆ ఇన్‌స్ట్రక్షన్ కోడ్ తెరిస్తే అందరూ రాసేలాగే ఉంది. షరతు నిజమైతే గమ్యంలో రాయి, కాకపోతే ఏమీ చేయకు. చూడటానికి ఎంత సబబుగా ఉందో! ఎక్స్86 64 బిట్ల మోడ్‌లో మాత్రం 32 బిట్ల గమ్యంలో రాసే ఇన్‌స్ట్రక్షన్ పై 32 బిట్లను సున్నా చేస్తుంది. సీమూవ్ విషయంలో షరతు అబద్ధమైనా ఆ సున్నా పడుతుందని ఇంటెల్ మాన్యువల్ విడిగా చెబుతుంది. కంపైలర్లు ఆ హామీ మీద భరోసా ఉంచి ఇన్‌స్ట్రక్షన్ ఆదా చేసుకుంటాయి. పై సగం ముందే సున్నాగా ఉన్న వేల సందర్భాల్లో ఈ బగ్ కనిపించదు. బూట్ నుంచి లాగిన్ దాకా ఏ గోలా లేకుండా నడిచింది అందుకే.

నాలుగో పని: మాన్యువల్‌ను చదవాల్సిన చోట చదవండి

ఇన్‌స్ట్రక్షన్ పేజీలో వివరణ పేరా చదివి మూసేయడం చాలామంది అలవాటు. అసలు సరుకు ‘ఆపరేషన్’ అనే భాగంలోని సూడోకోడ్‌లో, దాని కింద ఫ్లాగుల పేరాలో, చివరి ఎక్సెప్షన్ల పట్టికలో ఉంటుంది. ఇంటెల్ మాన్యువల్ రెండో సంపుటం, ఏఎండీ మాన్యువల్ మూడో సంపుటం రెండూ పక్కన పెట్టుకోండి. ఒకరు దాచింది మరొకరు చెబుతారు. మూలం సున్నా అయినప్పుడు, మూలంలో అన్నిటికంటే కింద ఉన్న 1 బిట్‌ను వెతికే బీఎస్ఎఫ్ ఇన్‌స్ట్రక్షన్ గమ్యాన్ని ఏం చేస్తుందంటే, ఇంటెల్ చాలాకాలం ‘నిర్వచించలేదు’ అని ఊరుకుంది, ఏఎండీ ‘మారదు’ అని రాసింది. ఆ ‘మారదు’ మీద ఆధారపడ్డ కోడ్ బయట ఉంది కాబట్టి మీరూ మార్చకపోవడమే క్షేమం.

ఒక ప్రాసెసర్ అలవాటును మరొకదానికి మోసుకెళ్లకండి. భాగహారమే చూడండి. సున్నాతో భాగిస్తే ఎక్స్86 ఎక్సెప్షన్ ఇస్తుంది. 64 బిట్ల ఆర్మ్ చడీచప్పుడు లేకుండా సున్నా ఇస్తుంది. రిస్క్-ఫైవ్ అన్ని బిట్లూ ఒకట్లుగా ఇస్తుంది. అతి చిన్న రుణసంఖ్యను మైనస్ ఒకటితో భాగిస్తే ఎక్స్86లో మళ్లీ ఎక్సెప్షన్, మిగతా రెండింటిలో అదే సంఖ్య తిరిగి వస్తుంది. మీ ఎమ్యులేటర్ రాసిన సీ భాషలో ఈ రెండు భాగహారాలకూ నిర్వచనమే లేదు. ముందే తనిఖీ పెట్టకపోతే ఎక్స్86 హోస్ట్ మీద గెస్ట్ బదులు ఎమ్యులేటరే కుప్పకూలుతుంది. 32 బిట్ల సంఖ్యను 32 స్థానాలు జరపడమూ అంతే. సీలో అది నిర్వచనం లేని పని, ఎక్స్86లో ఆ 32 కాస్తా మాస్క్ అయి (కింది 5 బిట్లే మిగిలి) సున్నా అవుతుంది.

మన చెన్నైలోనే ఐఐటీ మద్రాస్‌లో రూపొందిన శక్తి ప్రాసెసర్లు రిస్క్-ఫైవ్ కుటుంబానివి. ఆ వైపు పనిచేసేవారు ఎక్స్86 నుంచి వస్తే మొదట తడబడేది 32 బిట్ల కూడిక దగ్గర. ఎక్స్86 పై సగాన్ని సున్నా చేస్తే, రిస్క్-ఫైవ్‌లో యాడ్‌డబ్ల్యూ ఫలితం గుర్తు బిట్‌ను పై సగమంతా పరుస్తుంది. రిజిస్టర్‌లోని చిరునామాకు దూకే జాల్ఆర్ ఇన్‌స్ట్రక్షన్‌లో మూలం, గమ్యం ఒకే రిజిస్టర్ అయినప్పుడు దూకాల్సిన చిరునామాను ముందు చదివి, తర్వాతే తిరుగు చిరునామా రాయాలి. వరుస తారుమారైతే ప్రోగ్రామ్ తన తర్వాతి వరుసకే దూకుతుంది. ఎప్పుడూ సున్నాగానే ఉండే ఎక్స్0 రిజిస్టర్‌లోకి లోడ్ చేస్తే విలువ పారేయాలి గానీ, చిరునామా చెల్లనిదైతే ఫాల్ట్ మాత్రం రావాలి. వీటిని సరిచూసుకోవడానికి చెన్నైకే చెందిన ఇన్‌కోర్ సెమికండక్టర్స్ తయారుచేసిన రిస్‌కాఫ్ అనే చట్రం ఉంది. అది ఒకే పరీక్షను మీ నమూనా మీద, ప్రామాణిక నమూనా మీద నడిపి రెండూ మెమరీలో వదిలిన సంతకాలను పోలుస్తుంది.

మాన్యువల్‌కూ అసలు చిప్‌కూ పడకపోతే ఎవరి మాట వినాలి? నా లెక్కలో చిప్‌దే పైచేయి, ఎందుకంటే గెస్ట్ ప్రోగ్రామ్ రాసినవారు పరీక్షించింది దాని మీదే. చిప్ తప్పు చేయదని కాదు. 1994లో గణిత ఆచార్యుడు థామస్ నైస్లీ బయటపెట్టిన పెంటియం భాగహారపు లోపం ఇంటెల్‌కు 47.5 కోట్ల డాలర్ల భారం తెచ్చింది. ఆ లోపాన్ని ఎమ్యులేటర్‌లో కూడా పెట్టమని ఎవరూ అడగరు. అలాంటి అనుమానం వస్తే తయారీదారు ప్రకటించిన ఎర్రాటా (తెలిసిన లోపాల) పత్రం చూసి తేల్చుకోండి.

ఐదో పని: సరిచేయడానికి ముందే పరీక్ష రాయండి

దొరికిన ఇన్‌స్ట్రక్షన్ ఒక్కదాన్నే పెట్టి చిన్న అసెంబ్లీ పరీక్ష రాయండి. రిజిస్టర్లలో తెలిసిన విలువలు నింపాలి, ఇన్‌స్ట్రక్షన్ నడపాలి, రిజిస్టర్లూ ఫ్లాగులూ దాచి పోల్చాలి. నింపేటప్పుడు పై సగంలో కావాలని చెత్త పెట్టండి. పై సీమూవ్ బగ్ శుభ్రమైన రిజిస్టర్లతో రాసిన ఏ పరీక్షకూ చిక్కదు. విలువలుగా సున్నా, ఒకటి, మైనస్ ఒకటి, గుర్తు మారే అంచులు తప్పనిసరి. జరిపే స్థానాలకు 0, 1, 31, 32, 33, 63, 64 పెట్టండి. మూలం, గమ్యం ఒకే రిజిస్టర్ అయిన రూపం, మెమరీ నుంచి చదివే రూపం, రెండు పేజీల సరిహద్దు మీద పడే రూపం కూడా ఉండాలి. ఈ పరీక్షను ముందుగా అసలు చిప్ మీద నడపండి. అక్కడ తప్పితే మీ పరీక్షే తప్పు. తర్వాత ఎమ్యులేటర్ మీద నడిపి అది తప్పడం కళ్లారా చూడండి. క్యూఎమ్యూలో ఇలాంటివి ‘టెస్ట్స్’ కింద ‘టీసీజీ’ డైరెక్టరీలో ఉంటాయి. కేవీఎంకు ‘కేవీఎం-యూనిట్-టెస్ట్స్’ అనే విడి ప్రాజెక్టు ఉంది.

కేవీఎం ఎమ్యులేటర్‌ను పరీక్షించడంలో చిక్కు ఏమిటంటే, మామూలు ఇన్‌స్ట్రక్షన్‌ను నేరుగా చిప్పే నడిపేస్తుంది, ఎమ్యులేటర్ దాకా రానే రాదు. దానికి ‘ఫోర్స్ ఎమ్యులేషన్ ప్రిఫిక్స్’ అనే మాడ్యూల్ పరామితి ఉంది. దాన్ని ఆన్ చేసి, మీ ఇన్‌స్ట్రక్షన్ ముందు యూడీ2, ఆ వెంటనే కే, వీ, ఎం అక్షరాల బైట్లు పెడితే అది ఎమ్యులేటర్‌కే వెళుతుంది.

ఆరో పని: సవరణ

సీమూవ్‌కు సవరణ రాస్తే ఇలా ఉంటుంది:

తాత్కాలికం = మూలం చదువు
షరతు అబద్ధమైతే తాత్కాలికం = గమ్యం దిగువ 32 బిట్లు
గమ్యం = తాత్కాలికం, పై 32 బిట్లు సున్నా

మొదటి వరుస షరతు కంటే ముందే ఉండటం గమనించండి. మూలం మెమరీలో ఉంటే షరతు ఎలా ఉన్నా చిప్ దాన్ని చదువుతుంది, చిరునామా చెల్లకపోతే ఫాల్ట్ ఇస్తుంది. పాత కోడ్ అదీ చేయడం లేదు. ఒక బగ్ కోసం వస్తే రెండు దొరికాయి.

సవరణ రాసేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త కావాలి. ఒకటి ఫాల్ట్ వచ్చినప్పటి స్థితి. ఇన్‌స్ట్రక్షన్ మధ్యలో పేజ్ ఫాల్ట్ వస్తే గెస్ట్ కెర్నల్ పేజీ తెచ్చిపెట్టి అదే ఇన్‌స్ట్రక్షన్‌ను మళ్లీ నడిపిస్తుంది. కాబట్టి ఫాల్ట్ రాగల పనులన్నీ అయ్యాకే రిజిస్టర్లను మార్చాలి. కంపేర్-ఎక్స్‌చేంజ్ దీనికి పేరుమోసిన ఉచ్చు. పోలిక విఫలమైనా అది మెమరీకి తిరిగి రాసే ప్రయత్నం చేస్తుంది, ఆ రాత ఫాల్ట్ అయితే ఏఎక్స్ రిజిస్టర్ మారి ఉండకూడదు. స్ట్రింగ్ ఇన్‌స్ట్రక్షన్లు ఇందుకు పూర్తిగా భిన్నం. అవి ఎంతవరకు వచ్చాయో రిజిస్టర్లలో రాసిపెట్టి, అక్కడి నుంచే కొనసాగాలి.

రెండోది ఫ్లాగులు. ప్రతి కూడికకూ ఆరు ఫ్లాగులు లెక్కించడం దండగ కాబట్టి క్యూఎమ్యూ లాంటివి వాటిని అప్పు పెడతాయి. చివరి ఆపరేషన్ ఏమిటో, దాని విలువలు ఏమిటో గుర్తుపెట్టుకుని, ఎవరైనా అడిగినప్పుడే లెక్క తేలుస్తాయి. బగ్‌లు పుట్టేది ఆ అప్పుల పుస్తకంలోనే. ఎక్స్86లో మాస్క్ చేశాక స్థానాల సంఖ్య సున్నా అయితే షిఫ్ట్ ఏ ఫ్లాగునూ తాకకూడదు. సంఖ్య రిజిస్టర్ నుంచి వస్తుంది కాబట్టి అనువాద సమయంలో అది సున్నానో కాదో తెలియదు. అప్పుడు పాత అప్పును కూడా మోయాలి. ఒకటి కలిపే ఐఎన్‌సీ ఇన్‌స్ట్రక్షన్ క్యారీ తప్ప మిగతా ఐదింటినీ మారుస్తుంది, అంటే ముందు పాత క్యారీని లెక్కగట్టి తీయాలి. ప్యారిటీ ఫ్లాగు ఫలితం ఎంత వెడల్పైనా చివరి 8 బిట్లనే చూస్తుంది. వీటిని ఒక్కొక్కటిగా పరీక్షిస్తే అన్నీ నెగ్గుతాయి. జంటలుగా, షిఫ్ట్ తర్వాత ఐఎన్‌సీ, ఐఎన్‌సీ తర్వాత షరతుతో దూకే ఇన్‌స్ట్రక్షన్ అన్నట్టు పెడితే బయటపడతాయి.

దశాంశాల (ఫ్లోటింగ్ పాయింట్) వైపు వెళ్తే హోస్ట్ ప్రాసెసర్‌ను గుడ్డిగా నమ్మకండి. చెల్లని లెక్కకు ఎక్స్86 ఇచ్చే నాన్ (‘ఇది సంఖ్య కాదు’ అనే) విలువలో గుర్తు బిట్ 1, ఆర్మ్ ఇచ్చేదాంట్లో 0. పరిధి దాటిన సంఖ్యను 32 బిట్ల పూర్ణాంకంగా మారిస్తే ఎక్స్86 హెక్స్‌లో 80000000 ఇస్తుంది, ఆర్మ్ దగ్గరి అంచు విలువ దగ్గర ఆగుతుంది. రెండింటిలో చిన్నదాన్ని ఇచ్చే మిన్ఎస్ఎస్‌లో ఏ ఒక్కటి నాన్ అయినా రెండో ఆపరాండ్ వస్తుంది. సీ లైబ్రరీలోని ఎఫ్‌మిన్‌తో దాన్ని అమలు చేసినవారికి ఇక్కడే దెబ్బ తగులుతుంది.

ఏడో పని: తోబుట్టువులు

సీమూవ్‌లో దొరికిన లోపం పేరు ‘రాయని భాగం సంగతి మరిచిపోవడం’. అదే చేయి రాసిన మిగతా ఇన్‌స్ట్రక్షన్లలో కూడా అది ఉంటుందనే నమ్మకంతో వెతకండి. ఒకేసారి పలు విలువల మీద పనిచేసే పాత ఎస్ఎస్ఈ ఇన్‌స్ట్రక్షన్లు వెక్టర్ రిజిస్టర్ పై 128 బిట్లను ముట్టుకోవు, వాటి కొత్త ఏవీఎక్స్ రూపాలు వాటిని సున్నా చేస్తాయి. రెండింటికీ ఒకే ఫంక్షన్ వాడిన చోట ఒకటి తప్పక చెడుతుంది. వీలైతే సవరణను ఆ ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌లో కాక, రిజిస్టర్‌లో రాసే ఉమ్మడి ఫంక్షన్‌లోనే పెట్టండి.

ఇంత చూసినా గెస్ట్ వైపు కోడ్ సబబుగానే కనిపిస్తే తప్పు హోస్ట్ కోడ్ పుట్టించే వైపు ఉండవచ్చు. అదే గెస్ట్‌ను వేరే రకం హోస్ట్ మీద, ఎక్స్86 బదులు ఆర్మ్ మీద నడపండి. రెండో హోస్ట్ లేకపోతే క్యూఎమ్యూను టీసీజీ ఇంటర్‌ప్రెటర్‌తో బిల్డ్ చేయవచ్చు. అది హోస్ట్ కోడ్ పుట్టించకుండా మధ్యంతర ఆపరేషన్లను నేరుగా నడుపుతుంది. అక్కడ తప్పు పోతే మీరు వెతకాల్సిన ఫైళ్లు పూర్తిగా మారిపోతాయి. పాత వెర్షన్‌లో తప్పు లేదని తెలిస్తే ఏ మార్పుతో తప్పు వచ్చిందో సగాలు చేస్తూ వెతికే గిట్ బైసెక్ట్ ఉండనే ఉంది, మీ చిన్న పరీక్షను దానికి అప్పగించి భోజనానికి వెళ్లవచ్చు.

సవరణ సందేశంలో మూడు సంగతులు ఉంటే చదివేవారికి ప్రశ్నలు మిగలవు: ఏ ఇన్‌పుట్‌కు ఏ ఫలితం వస్తోంది, మాన్యువల్ ఏ భాగంలో ఏమంటోంది, ఏ చిప్ మీద సరిచూశారు. పరీక్షను కూడా అదే ప్యాచ్ వరుసలో చేర్చండి.

సవరించిన వెర్షన్ విడుదలయ్యేదాకా వాడుకరులకు ఏదో ఒక దారి చూపాలి కదా. తప్పు ఏవీఎక్స్2 లాంటి ఐచ్ఛిక సౌకర్యంలో ఉంటే సీపీయూ మోడల్ వరుసలో దాన్ని తీసేయమనండి. గ్లిబ్‌సీ, చాలా లైబ్రరీలు అది లేదని చూసి తమంతట తామే వేరే దారి పడతాయి. సీమూవ్ మాత్రం 64 బిట్ల ఎక్స్86కు కనీస అర్హతల్లో ఒకటి, దాన్ని దాచడం కుదరదు. ఆ ప్యాచ్‌ను పాత విడుదల శాఖల్లోకి కూడా వెంటనే పంపించండి.